ప్రొఫెసర్ గారి పంతొమ్మిది వేల అడుగులు

బుధవారం, పదకొండు గంటల నలభై నిమిషాలు.

నాలుగింటికి కృష్ణను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. కన్నతల్లి అండాలమ్మను మెట్ల మీద నుంచి తోసి చంపాడని రిమాండు రిపోర్టు అప్పటికే టైపయిపోయింది. అంటే తీతు చేతిలో ఉన్నది నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఒక మనిషి జైలుకి పోకుండా ఆపడానికి అది చాలా తక్కువ సమయమని, పద్నాలుగేళ్లు పోలీసు క్లూస్ టీములో హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసిన తీతుకు బాగా తెలుసు. ఆ ఉద్యోగం వదిలేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు మీద గది కిరాయికి తీసుకుని, 'ప్రైవేటు విచారణలు' అని బోర్డు పెట్టుకుని మూడేళ్లయింది. ఇంత చిన్న గడువుతో ఏ కేసూ రాలేదు.

వర్ధన విశ్వవిద్యాలయంలో రెండో అంతస్తు చివరి గది. తలుపు మీద 'మన క్యాంపస్ వార్తలు' అని రాసి ఉంది. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వాటి వెనక సాధన. ముప్పై దాటని అమ్మాయి. ఈ విశ్వవిద్యాలయంలో ఎవరికి అవార్డు వచ్చినా, ఎవరి పుట్టినరోజైనా, ఎక్కడ మొక్క నాటినా రాసి అందరి ఫోన్లకూ పంపేది ఆవిడే.

తీతు జేబులోంచి ఒక ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ ఫొటో ఎప్పుడు తీసింరు మేడం?"

"కిందనే రాసుంది కద సార్. సోమవారం పొద్దున ఆరున్నరకి, వెల్‌నెస్ వాక్ ప్రారంభం."

"మీరే తీసింరా?"

"నేనే."

ఫొటోలో తెల్ల టోపీలు పెట్టుకున్న పదిమంది ఉద్యోగులు చేతులెత్తి నవ్వుతున్నారు. వాళ్ల వెనక, కుడి మూలన, నీలం కోటు వేసుకుని చీపురు పట్టుకుని నిలబడి ఉంది అండాలమ్మ. పోలీసుల కేసంతా ఆ మూల మీదే నిలబడింది. ఆరున్నరకు తల్లి బతికే ఉంది. ఆరూ ముప్పై ఒకటికి కొడుకు మెయిన్ గేటు దాటి లోపలికి వచ్చాడు, గేటు కెమెరాలో ఉంది. కృష్ణ ఇక్కడే కాంట్రాక్టు మీద ఎలక్ట్రీషియను. ఆరూ నలభైకి వెల్‌నెస్ బ్లాకులోంచి అతని కేకలు వినపడ్డాయి. ముందు రోజు సాయంత్రం ఎల్బీ నగర్ బస్టాపులో తల్లీకొడుకులు గట్టిగా పోట్లాడుకున్నారు. "నువ్వు గిట్ల తిరిగి తిరిగి సస్తవ్, లేకుంటె నేనే సంపుత" అని కృష్ణ అన్న మాట ఇద్దరు విన్నారు.

"మేడం, ఇది జనవరి. ఆరున్నరకు ఇంక మబ్బుల, చీకటిగనే ఉంటది. పొద్దు పొడిచేటాల్లకు ఆరూ నలభై అయిదు దాటుతది" అన్నాడు తీతు. "ఈ నీడలు చూడుండ్రి. ఒక్కటన్న మనిషి పొడుగుందా? ఇది పదకొండు గంటల ఎండ. అప్పుడే పొడిచిన పొద్దుకు గింత పొట్టి నీడ పడదు."

సాధన ప్రింటును దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది. తను తీసిన ఫొటోలో తను చూడనిదేదో ఉన్నట్టు.

"గురువారం నాడు తీసిన సార్" అంది చివరికి. "పెద్ద సార్లు పొద్దున్నే రారు. అందుకని ముందే ఒక రోజు ఎండలో నిలబెట్టి తీసి పెట్టుకుంటం. వార్త కూడ ముందు రోజే రాసి పెడితే, టైముకి అదే పోతది."

"మరి సోమవారం నాడు వాక్ జరిగిందా?"

"జరగలే."

"వార్త వచ్చింది గద?"

"వార్త ముందు రాస్తం సార్. కార్యక్రమం తర్వాత జరుగుతది. ఒక్కోసారి జరగదు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. "వారానికి ముప్పై వార్తలు. నేనొక్కదాన్ని."

"పోలీసోళ్లకు ఈ మాట ఎందుకు చెప్పలే?"

"వాళ్లు నన్ను అడగనే లేదు. వెంకట్రావు సార్ వచ్చి ప్రింటు తీసుకపోయిండు. నేను ఔట్‌సోర్సింగ్ సార్. మార్చిలో మా రెన్యువల్."

"వెంకట్రావు అనగానే వచ్చేశాడు చూడు" అంటూ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు ఆ పేరు గల మనిషి.

విశ్వవిద్యాలయం భద్రతాధికారి. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయి రెండేళ్లయింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసినా మాట మాత్రం మారలేదు. తీతు ఆరేళ్లు అతని కింద పనిచేశాడు. ఒక లాకప్పు చావులో తీతు రాసిన రిపోర్టును వెంకట్రావు నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. మర్నాడే తీతు రాజీనామా ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడటం ఇదే.

"ఏవయ్యా తీతూ, వేలిముద్రలు దులుపుకునేవాడివి, నీడలు కొలిచే పనిలోకి ఎప్పుడు దిగావ్?"

"మీరు కొలవలేదు సార్, అందుకే."

"కొలిస్తే ఏవయ్యింది? ఆ ఫొటో తప్పే అనుకో, చింపేద్దాం. డాక్టరు ఏవన్నాడు? అయిదున్నరకీ ఏడింటికీ మధ్యన పోయిందన్నాడు. కొడుకు ఆరూ ముప్పై ఒకటికి లోపలికొచ్చాడు. అప్పటిదాకా బయటి మనిషి ఒక్కడు రాలేదు. నా గేటు, నా కెమెరా."

"లోపలున్నోళ్ల సంగతేంది?"

"లోపల ఎవరున్నారు? నిద్రపోయే ఆడపిల్లలు, ఊడ్చేవాళ్లు. ఊడ్చుకునే మనిషిని చంపాల్సిన పని కొడుక్కి తప్ప ఇంకెవరికుందయ్యా?"

"అదే అడుగుతున్న. పడి చచ్చిపోయిందని ఎందుకు రాయలే? చంపిండని ఎందుకు రాసింరు?"

వెంకట్రావు చూపు సాధన కంప్యూటరు తెర మీదికి పోయింది. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం తీతు కంట పడింది.

"నాలుగింటి దాకా తిరుగు. తర్వాత నా క్యాంపస్‌లో కనపడమాకు" అని వెళ్లిపోయాడు.

తీతు ఫోను తీసి మరో ఫొటో సాధన ముందు పెట్టాడు. శవ పంచనామా నాటిది. మొహం లేదు. ఎడమ ముంజేయి మాత్రమే ఉంది. ఎండకు కమిలిన చర్మం మీద, మణికట్టు నుంచి మోచేతి వైపు నాలుగు తెల్లటి గీతలు. గాజుల గుర్తులు కావు. వెడల్పు, చదును, ఒకదాని కింద ఒకటి.

"ఇవేంది మేడం?"

సాధన లేచి వెళ్లి తలుపు గడియ పెట్టింది.

"బ్యాండ్లు సార్" అంది తిరిగి వచ్చి కూర్చుని. గొంతు తగ్గించింది. "ఉద్యోగుల ఆరోగ్యం కోసమని పోయినేడు వెల్‌నెస్ పథకం పెట్టింరు. పర్మినెంటు స్టాఫ్ అందరికి చేతి బ్యాండ్లిచ్చింరు. రోజుకి పదివేల అడుగులు నడవాలె. ఆ మార్కులు ఏడాది రిపోర్టులో కలుస్తయి, ప్రమోషన్‌కి చూస్తరు. పెద్ద సార్లు నడుస్తరా? నడిచేటోళ్ల చేతికి కట్టింరు."

"ఊడ్చేటోళ్లకు."

"ఒక్కొక్కరికి మూడు, నాలుగు. పొద్దుగాల నాలుగున్నర నుంచి తిరుగుతనే ఉంటరు కద. వద్దన్నోళ్ల పేరు రెన్యువల్ లిస్టుల ఉండదు. బయట పడితే అందరినీ తీసేస్తం అని సూపర్‌వైజరు చెప్పిండు. ముప్పై ఆరు మందిని."

"ఊడ్చేటోళ్లకు ఈ పథకం లేదా?"

"వాళ్లు ఉద్యోగులు కారు సార్."

శవం దొరికినప్పుడు అండాలమ్మ చేతులకు ఏమీ లేవని పంచనామాలో ఉంది. నాలుగు బ్యాండ్లూ ఎవరో తీశారు.

"ఆమె ఎవరివి కట్టుకునేది?"

జవాబుగా సాధన కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. రోజూ విజేతల పేర్లు ప్రకటించే పని ఆమెదే కాబట్టి అందరి లెక్కలూ ఆమెకు కనపడతాయి. సోమవారం విజేత, పథకం డైరెక్టరు ప్రొఫెసర్ మోహన్. పంతొమ్మిది వేల రెండు వందల నలభై అడుగులు. పూలగుత్తితో ఫొటో. అండాలమ్మ చావు గురించి ఆ రోజు వార్తల్లో ఒక్క ముక్క లేదు.

మోహన్ పేరు మీద నొక్కగానే నిమిషాల వారీ పట్టిక వచ్చింది. తీతు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

నాలుగూ యాభై రెండుకు నడక మొదలు. ఎడతెగకుండా ఆరూ నాలుగు వరకు. ఆరూ నాలుగుకి సున్నా. ఆరూ అయిదు, సున్నా. ఆరూ పన్నెండు వరకు సున్నాలే. ఆరూ పదమూడుకు మళ్లీ నడక. మూడు వందల పద్దెనిమిది అడుగులు. ఆరూ పదిహేడుకి కాసేపు ఆగింది.

"మిగిలిన ముగ్గురివి?"

సాధన ఇంకో మూడు పేర్లు తెరిచింది. నలుగురు ప్రొఫెసర్లు. నలుగురూ ఒకే నిమిషానికి లేచారు, ఒకే నిమిషానికి ఆగారు, ఒకే నిమిషానికి మళ్లీ కదిలారు.

తీతుకు నిన్న సాయంత్రం నుంచి ఇప్పుడే మొదటిసారి ఊపిరాడింది. అండాలమ్మ పడిపోయింది ఆరూ నాలుగుకి. ఆ నిమిషానికి కృష్ణ కొత్తపేటలో ఆటో కోసం నిలబడి ఉన్నాడు. ఇక కావలసింది ఒక్కటే. ఆ నాలుగు బ్యాండ్లూ ఉన్నది అండాలమ్మ చేతికే అని చెప్పే సాక్షి. ఆరూ పదమూడుకు వాటిని తీసుకుని మూడు వందల పద్దెనిమిది అడుగులు నడిచిన మనిషి.

*

వెల్‌నెస్ బ్లాకు మెట్ల దగ్గర యాదలక్ష్మి ఎదురుచూస్తోంది. అండాలమ్మ కూతురు, కృష్ణకు అక్క. లేడీస్ హాస్టల్లో బాత్రూములు కడిగే పని. నిన్న సాయంత్రం తమ్ముణ్ణి పట్టుకుపోగానే తీతు గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మా కృష్ణగాడు గట్లాంటోడు కాడు సార్, ఎట్లన్న చేసి ఇడిపియ్యిండ్రి" అని ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ చెప్పిన మనిషి.

"ఏమన్న దొరికిందా సార్?"

"జర ఆగు చెల్లె."

తీతు మెట్లు చూడటం మొదలుపెట్టాడు. నున్నటి రాయి. రక్తం ఫినాయిలు పోసి కడిగేశారు, అయినా రాళ్ల సందుల్లో నల్లగా మిగిలింది. పై నుంచి ఏడో మెట్టు అంచుకి కొట్టిన స్టీలు పట్టీ ఒక కొన లేచి ఉంది. దాని మీద రబ్బరు గీసుకుపోయిన మచ్చ. చెప్పు ఇరుక్కుంది, మనిషి ముందుకు పడింది. ఎవరో తోసి మనిషి ముందుకు ఎగిరి పడితే పట్టీ కొన ఇలా పైకి మెలి తిరగదు. తీతు మూడు ఫొటోలు తీసుకున్నాడు. మెట్ల పక్క గోడ మీద పెద్ద అక్షరాల పోస్టరు: 'లిఫ్టు మానండి, మెట్లెక్కండి, గుండెను కాపాడుకోండి'. మెట్లు దిగితే ఎదురుగానే వెల్‌నెస్ డాక్టరు గది. అండాలమ్మ తల ఆనిన చోటు నుంచి అయిదు అడుగులు.

"డాక్టరు ఎన్నింటికి వస్తడు?"

"పదింటికి" అంది యాదలక్ష్మి.

అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. మోకాలికి బెల్టు కట్టుకున్న యాభై అయిదేళ్ల మనిషి కర్ర ఊతంతో బయటికి వచ్చాడు. ఇందాక తెర మీద చూసిన పూలగుత్తి ఫొటోలోని మొహమే.

"నమస్తే మోహన్ సార్. మోకాలు ఎట్లుంది?"

"ఏముందండీ, మూడు నెలలుగా ఇంతే. మెట్లు ఎక్కొద్దన్నారు. మీరు…?"

"సోమవారం పంతొమ్మిది వేల అడుగులు నడిచింరట. అభినందనలు చెబ్దామని వచ్చిన."

మోహన్ కుడి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చేతి చొక్కా కఫ్‌ను కిందికి లాగింది.

"అది… టీమ్ స్పిరిట్ అండీ. నాదంటూ ఏం లేదు."

"నిజమే సార్. మీదంటూ ఏం లేదు."

కర్ర టకటకలాడించుకుంటూ అతను వెళ్లిపోయాడు. యాదలక్ష్మి ఆ మనిషిని చూడలేదు. అతని మణికట్టునే చూసింది.

తీతు కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఎటు వైపు నడిచి లెక్కపెట్టాలా అని చుట్టూ చూశాడు.

"చెల్లె, ఇక్కడి నుంచి సెక్యూరిటీ రూముకు ఎంత దూరముంటది?"

"నూటా ముప్పై" అంది వెంటనే.

"నూటా ముప్పై ఏంది?"

"అడుగులు సార్. మేమందరం గట్లనే చెప్తం. బ్యాండ్లు కట్టినకాడికెల్లి అలవాటయింది. పదివేలు ఎప్పుడు నిండుతయో తెల్వాలె గద."

"క్యాంటీను?"

"రెండొందల నలభై."

"మెయిన్ గేటు?"

"అయిదొందల అరవై. ఎండ పూట చెట్ల కిందికెల్లి పోతె ఇంకో ఇరవై."

"మీ హాస్టలు వెనక తలుపు?"

"మూడొందల పద్దెనిమిది."

సాధన గదిలో తీతు కాగితం మీద రాసుకున్న అంకె అదే. జేబులోని కాగితం తీయలేదు, అంకె చూపించలేదు. ఊరికే ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో ఏం కనపడిందో, యాదలక్ష్మి గోడకు ఆనుకుని మెల్లగా నేల మీదికి జారి కూర్చుంది. రబ్బరు గాజు ఒకటి చేతికి అటూ ఇటూ తిప్పుకుంది.

"సోమవారం పొద్దుగాల ఆరూ పదమూడుకు ముందే నువ్వు ఈడికి వచ్చినవ్" అన్నాడు తీతు మెల్లగా.

"అమ్మకు సద్ది ఇచ్చి పోదామని వచ్చిన సార్. ఏం తినకుండ తిరుగుతది. కళ్లు తిరుగుతున్నయని ముందు రోజు గూడ అన్నది. గందుకే గద కృష్ణగాడు కొట్లాడింది, ఎవని నడకో నువ్వెందుకు నడుస్తవే అని." ఆమె మెట్ల కింది చోటును చూడకుండా మాట్లాడుతోంది. "ఈడ పడుంది. కండ్లు తెరిచే ఉన్నయి. అమ్మా అమ్మా అన్న. పలకలే. మూతి కాడ చెయ్యి పెట్టిన, ఊపిరి తెల్వలే. అయిపోయిందనుకున్న."

"బ్యాండ్లు?"

"అమ్మనే చెప్పేది సార్. యాదీ, నాకు ఏమన్న అయితె ముందు బ్యాండ్లు తీసెయ్యి, లేకుంటె అందరి కడుపు కొట్టినదాన్నయిత అని. ముప్పై ఆరు మంది సార్. దొరికితె అందరు పోతరు. నాలుగు తీసిన. చేతిల పట్టుకపోతె కనపడ్తదని నేనే కట్టుకుని, పైకెల్లి కోటు చెయ్యి గుంజుకున్న. హాస్టల్ల బకెట్ల దాచి, లొల్లి చేసుకుంట వద్దామనుకున్న. తలుపు కాడనే వార్డెన్ మేడం పట్టుకున్నది, పైన నీళ్లు పొంగుతున్నయి పో అని. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటుండంగనే కృష్ణగాని కేకలు ఇనపడ్డయి."

"తర్వాత?"

"తర్వాత గవి ఇప్పనీకె సందు ఏడ దొరికింది సార్? దవాఖానకు, మార్చురీకి, పోలీస్ స్టేషన్‌కు. అన్ని తిరిగిన. చేతికి అట్లనే ఉన్నయి. తెల్లారి అటెండరుకు ఇచ్చిన."

ప్రొఫెసర్ మోహన్ గారి పంతొమ్మిది వేల అడుగుల్లో పన్నెండు వేలు ఎక్కడ నడిచినవో తీతుకు అప్పుడు తెలిసింది.

"ఈ మాట కోర్టుల చెప్పాలె చెల్లె. నువ్వు చెప్తె కృష్ణ బయట పడ్తడు."

"మరి మిగిలినోళ్లు?"

తీతు ఫోను తీసి టైము చూశాడు. ఆమె అడగటం ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

*

రెండూ యాభైకి వాళ్లిద్దరూ వార్తల గదికి వచ్చేసరికి వెంకట్రావు సాధన కుర్చీ పక్కనే కూర్చుని ఉన్నాడు. సాధన కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మూడున్నరకి ఈ లెక్కలన్నీ చెరిపేయమని మోహన్ గారు ఫోన్ చేశారయ్యా" అన్నాడు వెంకట్రావు. "ఇంకా నలభై నిమిషాలుంది. ఏం కావాలో అడుగు. నేను అడ్డం రాను."

అతను అంత సులువుగా తప్పుకోవడం తీతుకు నచ్చలేదు. అయినా చెప్పాల్సింది నిలబడే చెప్పాడు. నాలుగు బ్యాండ్లు, ఆరూ నాలుగు, లేచిన స్టీలు పట్టీ, ఆరూ పదమూడు, మూడు వందల పద్దెనిమిది. చివర్లో యాదలక్ష్మిని ముందుకు రమ్మన్నాడు.

వెంకట్రావు అంతా విన్నాడు.

"బాగుంది. నాలుగూ ఒకే చేతికి ఉన్నాయి, ఒప్పుకున్నా. ఆ చెయ్యి ఎవరిది? పొద్దుటినుంచీ ఈవిడ చేతికే ఉన్నాయంటాను. ఆరూ నాలుగుకి హాస్టల్లో కూర్చుంది, పదమూడుకి లేచింది. తమ్ముణ్ణి కాపాడుకోడానికి తల్లి చేతికి ఉన్నాయంటోంది. అబద్ధమని నేనంటే నువ్వేం చూపిస్తావ్? సాక్షి ఎవరు? నిందితుడి అక్క."

"చేతి మీద గుర్తులున్నయి."

"ముందు రోజువి."

తీతు సాధన వైపు తిరిగాడు. "మేడం, ఇవి అడుగులే లెక్కపెడ్తయా? ఇంకేమన్న లెక్కపెడ్తయా?"

"నాడి కూడ సార్. నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నదో. ఇంకో పేజీల ఉంటది. విజేతలకు అది అక్కర లేదు, నేనెప్పుడు తెరవలే."

"తెరవుండ్రి. పన్నెండుకు ముందు ఒక మనిషి గుండె, పదమూడు తర్వాత ఇంకో మనిషి గుండె. తేడా కనపడ్తది."

"తెరవమాకు" అన్నాడు వెంకట్రావు.

ఆ గొంతు తీతుకు కొత్త. బెదిరింపు కాదు. ఆరేళ్లు కలిసి పనిచేసినా ఆ మనిషి ఎవరినీ అలా బతిమాలగా తీతు వినలేదు.

"తీతూ, చెప్తే విను. సోమవారం రాత్రే చూశాను నేనది. ఈ యాదలక్ష్మిని బయటికి పంపించు. ముందు బయటికి పంపించి, తర్వాత తెరువు."

"మూడు గంటలయితుంది సార్. మీ వల్ల ఒకసారి ఉద్యోగం వదులుకున్న. తెరవుండ్రి మేడం."

సాధన నొక్కింది.

ఎర్ర గీత ఒకటి తెర మీద ఎడమ నుంచి కుడికి పాకింది. పక్కనే నిమిషాలు, అంకెలు. తీతు వేలు పెట్టి చదవటం మొదలుపెట్టాడు. అయిదూ యాభై, నూటా పన్నెండు. ఆరూ మూడు, నూటా ముప్పై ఒకటి. ఆరూ నాలుగు, నూటా నలభై రెండు. అదే పడిన నిమిషం. ఆరూ అయిదు, నూటా పద్దెనిమిది.

అతని వేలు ఆగింది.

ఆరూ ఏడు, ఎనభై తొమ్మిది. ఆరూ తొమ్మిది, డెబ్బై. ఆరూ పది, అరవై ఒకటి. ఆరూ పదకొండు, యాభై నాలుగు. ఆ తర్వాత ఒక్క నిమిషం ఖాళీ. ఆరూ పదమూడుకు నూటా ముప్పై ఏడు.

రెండు గుండెలు. రెండూ ప్రొఫెసర్ మోహన్ పేరు మీద, ఒకే గీత మీద. రుజువు ఇంతకన్నా గట్టిగా ఉండదు. ఏ కోర్టు అయినా కృష్ణను వదిలేస్తుంది.

తీతు చప్పున తెరకు అడ్డంగా జరిగాడు. కానీ అప్పటికే యాదలక్ష్మి అతని భుజం పక్కన నిలబడి ఉంది. ఏడో తరగతి దాకా చదువుకుంది. ఏడాదిగా రోజూ ఈ అంకెల్లోనే బతుకుతోంది.

"సార్, నేను తీసింది గా ఖాళీ నిమిషంల గద, ఆరూ పన్నెండుకు."

ఆమె వేలు దాని పైనున్న అంకె మీదికి వచ్చింది.

"గా యాభై నాలుగు ఏంది సార్?"

తీతు ఏదో ఒక అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. మిషను లెక్క తప్పుతుందని చెప్పొచ్చు. తీసేటప్పుడు నీ వేళ్ల నాడే పడిందని చెప్పొచ్చు. కానీ ఆ మిషను లెక్క తప్పుతుందని కాగితం మీద రాస్తే కృష్ణ జైలుకి పోతాడు. సాధన రెండు చేతులతో మొహం కప్పుకుంది. వెంకట్రావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చెయ్యి వెచ్చగుండె సార్" అంది యాదలక్ష్మి. "పొద్దుగాలకెల్లి తిరిగింది గద, అందుకే వెచ్చగుందనుకున్న."

గోడ గడియారం మూడూ అయిదు చూపిస్తోంది. తీతు ఆమె పేరు పెట్టి పిలిచాడు. వినపడలేదు. ఆమె తెర వైపే చూస్తూ, తన ఎడమ మణికట్టును కుడి చేతి వేళ్లతో నొక్కి పట్టుకుంది.

"కాగితం తీయిండ్రి మేడం" అంది చివరికి. "మూడున్నరకు చెరిపేస్తరంటున్నరు గద. తమ్మున్ని తోలుకపోతరు."

"చెల్లె, ఇది కోర్టుల పెడితె నీ మీదికి…"

"తెలుసు సార్. పదండి."

ప్రింటరు కదిలింది. నాలుగు పేజీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తీతు వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ తలుపు దాటి నాలుగు అడుగులు వేశారో లేదో, వెనక గదిలో వెంకట్రావు ఫోనులో మాట్లాడటం వినపడింది. గొంతు మళ్లీ పాత గొంతే.

"ఎస్సై గారూ, నేను వెంకట్రావుని. ఆ రిమాండు రిపోర్టు ఆపండి. ఆ కుర్రాడు కాదు… అవునండీ, మనిషి దొరికింది. కొన ఊపిరితో ఉన్న తల్లిని వదిలేసి పోయింది. మన యాజమాన్యానికి దీంతో ఏ సంబంధం లేదని రాయండి. కోర్టు గేటు దగ్గరే ఉండండి, వాళ్లంతట వాళ్లే వస్తున్నారు. ఒక లేడీ కానిస్టేబుల్‌ని తీసుకురండి."